తెల్లపొట్టు

మైలవరం,
20 ఆగస్టు 2018, సోమవారం.

చెల్లెలు చిన్నసుబ్బమ్మకు అక్క తిరుపాలమ్మ దీవించి రాసేది.

పదకొండేళ్ల తర్వాత నేను కలం పట్టుకోవడానికి కారణం ఒక్కటే. ఈ శ్రావణమాసం ముగిసేలోపు నువ్వు నాకొక నిజం చెప్పకపోతే, నీ పసుపుకుంకుమలు మీ బావ చేతిలో పోతాయి. ఈ మాటను ఇంతకంటే మెత్తగా రాయాలని రెండు రోజులుగా చూస్తున్నాను. చేతకాలేదు.

ఫోను చేద్దామంటే నా ఫోను మీ బావ జేబులోనే ఉంటుంది. నీ నెంబరు అందులో కనబడితే మా ఇంట్లో ఏమవుతుందో నీకు తెలుసు. అందుకే ఈ కాగితాన్ని మైమూన్ చేతికి ఇస్తున్నాను. ప్రొద్దుటూరు బడిలో మనతో కలిసి చదివిన మైమూనే. చీరల మూట నెత్తిన పెట్టుకుని సోమవారం మా వైపు, గురువారం మీ వైపు తిరుగుతుంది కదా. జాకెట్టు గుడ్డల మడతలో పెట్టి తెస్తానంది. నీ జవాబు కూడా అట్లే పంపు.

జరిగింది చెబుతాను. మాకు ఎనభై నాలుగు గొర్రెలు ఉండేవి. ఇప్పుడు పందొమ్మిది మిగిలాయి. ఈ ఏడు ముసురు పట్టి దొడ్డంతా బురదైంది. మామూలుగా అయితే శనక్కాయ పొట్టు పరుస్తాం. పోయిన ఏడు శనక్కాయ పండలేదు, పొట్టు ఎక్కడా దొరకలేదు. మీ బావ వంకలో ఎవరో పారబోసిన తెల్లపొట్టు చూసి పది మూటలు తెచ్చాడు. ఎండుగా, తేలికగా, మన బడిలో చాక్‌పీసు పొడిలా ఉంది. నేనే దొడ్డంతా పరిచాను. పిడుదులు చేరకుండా మా అత్త నేర్పినట్టు పైన ఉప్పునీళ్లు చల్లాను. నాలుగు రోజులకు దొడ్డి చక్కగా ఆరింది. అయిదో రోజు గొర్రెలు దగ్గడం మొదలుపెట్టాయి. మేత ముట్టలేదు, కడుపులు బిగిసి నోట నురుగు పెట్టుకుని పడిపోయాయి. పిల్లలు ముందు పోయాయి.

మీ బావ పొట్టు తేవడానికి పోయినరోజు మీ లారీని ఆ వంక దగ్గరే చూశాడట. నడిపేది మీ ఆయన, మా మరిది సంజీవయ్యేనట. మా గొర్రెలు నీళ్లు తాగేది ఆ వంకలోనే. ఇక చెప్పేదేముంది? వంక నీళ్లలో మందు కలిపారని మా ఊరంతా తీర్మానించింది. పదకొండేళ్ల కిందట మీ బావ తమ్ముడు వెంకటేశును నరికిన కేసులో సంజీవయ్య ఆరో ముద్దాయి. కోర్టు కొట్టేసినా మీ బావ మనసు కొట్టేయలేదు. చచ్చిపోయిన తమ్ముణ్ని తలుచుకోని పూట లేదు ఆయనకు. "అప్పుడు మనిషిని తీసిరి, ఇప్పుడు మందను తీసిరి" అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట్లాడటం లేదు. అరిచే మనిషి మౌనంగా ఉంటే నాకు భయం.

శనివారం నారాపురస్వామి దీపం ముందు ఆయన చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాను. శ్రావణం వెళ్లేదాకా ఇనుము ముట్టనని. "అమావాస్య దాంక ఆగుతా. ఆ మర్సనాడు నన్నేం అడగొద్దు" అన్నాడు. అమావాస్య సెప్టెంబరు తొమ్మిదిన.

సంజీవయ్య మందు పెట్టాడా, పెట్టలేదా? నువ్వు అమ్మ కడుపున పుట్టినదానివి. నాతో అబద్ధం చెప్పవు.

తిరుపాలమ్మ

⁂

పులివెందుల,
23 ఆగస్టు 2018.

తిరుపాలమ్మ గారికి,

ఉత్తరం అందింది. దీవెనలు కూడా అందాయి. పదకొండేళ్లు వాటిని ఎక్కడ దాచిపెట్టుకున్నారో.

అమ్మ పోయినప్పుడు మీవాళ్లు పొద్దున, మావాళ్లు మధ్యాహ్నం రావాలని పెద్దమనుషులు టైము పెట్టారు. నేను ఆగలేక పొద్దున్నే వచ్చి వీధి చివర ఆటోలో మూడు గంటలు కూర్చున్నాను. నువ్వు నా ఆటోను రాసుకున్నట్టే నడిచిపోయావు. తల తిప్పలేదు. ఆ రోజు నీకు చెల్లెలు లేదు. ఈ రోజు గొర్రెలు చచ్చాయి కాబట్టి ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు: లేదు. మీ మరిది ఎవరి గొర్రెలకూ మందు పెట్టలేదు. లారీ నడుపుతాడు. ఎత్తమన్నది ఎత్తుతాడు, దించమన్నచోట దించుతాడు. ఆరు బోర్లు వేసి, చీనీ తోట ఎండిపోయి, చెట్లు కొట్టి బట్టీలకు అమ్ముకున్నవాళ్లం మేము. ఆ లారీ ఒక్కటే మాకు అన్నం పెడుతోంది. ఏం ఎత్తుతాడు, ఎవరు దించమన్నారు అని నన్ను అడగొద్దు.

బావకు చెప్పు, మా ఇంటి ముందర కూడా నలుగురు మగవాళ్లు కూర్చుని ఉంటారని.

చిన్నసుబ్బమ్మ

ఆ పొట్టు దొడ్డిలో ఇంకా ఉంటే ఒట్టి చేతులతో ముట్టుకోకు. నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీసెయ్. మంట మాత్రం పెట్టొద్దు.

⁂

మైలవరం,
27 ఆగస్టు 2018, సోమవారం.

చిన్నా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత అడుగున నువ్వు విడిగా రాసిన ముక్క మళ్లీ చదివి ఏడుపు ఆపాను.

ఆటోలో నిన్ను చూశాను. నీ ముఖం చూడలేదు, పాదాలు చూశాను. చెప్పులు లేకుండా వచ్చావు. మీ బావ నా వెనకే నడుస్తున్నాడు. ఆయన వెనక వెంకటేశు పెండ్లాం, తెల్లచీరలో. నేను తల తిప్పితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ఇది క్షమించమని రాయడం లేదు. నువ్వు చెప్పులు లేకుండా వచ్చిన సంగతి నాకు తెలుసని చెప్పడానికి రాస్తున్నాను.

ఇప్పుడు నా మాట విను. ఆ పొట్టు చేతులకు గుచ్చుకుంటుందని నేను నీకు రాయలేదు. నీకెట్లా తెలుసు? నేను పరిచిన రోజు నుంచి నా అరచేతుల్లో, మోచేతుల దాకా కంటికి కనబడని ముళ్లు దిగినట్టుంది. కొబ్బరినూనె రాసినా పోలేదు. దీపం వెలిగించడానికి వత్తి నలిపితే ప్రాణం పోతోంది. ఎండలో చెయ్యి చాపితే చర్మం మీద సన్నగా మెరుస్తుంది.

పశువుల డాక్టరు ఒక గొర్రెను కోసి చూశాడు. కడుపులో నా పిడికిలంత తెల్లటి ముద్ద ఉంది. దారాలు దారాలుగా, గట్టిగా. ఆయన వేలితో నలిపి చూసి, ఇది మేత కాదమ్మా, మందు కూడా కాదు, ఇదేమిటో నాకు తెలియదు అన్నాడు. మీ బావతో అదే చెప్పాను. ఆ పొట్టే తిన్నాయేమో అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

"పొట్టు నేను తెచ్చినా. అంటే నేనే సంపినానా?" అన్నాడు.

ఆయనకు శత్రువు కావాలి. శత్రువు లేకపోతే ఆ అరవై అయిదు గొర్రెలూ ఆయన నెత్తిన పడతాయి.

కాబట్టి నేను చెబితే నమ్మడు. ఆ వంకలో పోసింది ఏమిటో, ఎవరు పోయించారో తెలిసినవాళ్లు చెప్పాలి. నీకు తెలుసు. పదమూడు రోజులే ఉన్నాయి. పిల్లలిద్దరినీ బెంగుళూరు నుంచి రమ్మన్నాడు. ఎందుకో నాకు చెప్పలేదు.

అక్క

⁂

పులివెందుల,
30 ఆగస్టు 2018.

అక్కా,

మైమూన్ అరుగు మీద కూర్చుని ఉంది. మూడుసార్లు రాసి చించేశాను. "ఏమ్మే, బస్సు పోతాది, నువ్వు పరీచ్చ రాస్తాండావా ఏంది" అని అరుస్తోంది. ఈసారి చించను.

మీ వంకలో పోసింది గాలిమరల రెక్కల పొట్టు. ముద్దనూరు వైపు కొండల మీద పాత గాలిమరలను దించుతున్నారు. ఒక్కో రెక్క మన బడి వరండా అంత పొడవు ఉంటుంది. చూస్తే ఇనుము అనుకుంటావు, కాదు. గాజును దారాలుగా తీసి, జిగురులో తడిపి, పొర మీద పొర అతికించి చేసిన ఫైబరు. అది కుళ్లదు, కరగదు, పాత సామాన్లవాడు కూడా వద్దంటాడు. దాన్ని ముక్కలు చేసి సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో వేస్తే జిగురు మండిపోయి గాజు సిమెంటులో కలిసిపోతుందట. అట్లా చేసి పెట్టినందుకు గాలిమరల కంపెనీ డబ్బిస్తుంది. అందుకోసం షెడ్డు పెట్టారు. చెప్పినట్టు చేస్తే మంచి పనే.

చెప్పినట్టు చేయరు. నాపరాయి కోసినట్టు నీళ్లు పెట్టి కోయాలి. నీళ్లు పెడితే పొట్టు తడిసి బరువవుతుందని ఎండుగానే కోస్తారు. ముక్కలు ఫ్యాక్టరీకి పోతాయి. పొట్టును ఫ్యాక్టరీ వాళ్లు విడిగా తీసుకోరు, అది గాలికి లేచి మనుషుల కళ్లలో, గొంతులో పడుతుంది. సంచుల్లో గట్టిగా కట్టి పంపితే తీసుకుంటామన్నారు. కట్టే ఓపిక వీళ్లకు లేదు. అందుకే వంకలు. ఒక గుట్ట పొట్టుకు నిప్పు పెడితే ఆ పొగకు ఇద్దరు మనుషులు పడిపోయారు. అప్పటినుంచి కాల్చడం మానేసి పారబోస్తున్నారు. అర్ధరాత్రి కాదు, పట్టపగలే. ఎవరు అడుగుతారు?

మీ మరిది చొక్కా నేను వేరే బకెట్లో నానేస్తాను. నా చేతులూ నీ చేతుల మాదిరే ఉన్నాయి. అందుకే తెలుసు.

ఇప్పుడు అసలు మాట. షెడ్డు బోర్డు మీద ఉన్నది మా పార్టీ పెద్దాయన బామ్మర్ది పేరు. అందులో సగం మీ పార్టీ పెద్దాయనది. అవును, మీదే. బావ ఎవరి కోసం తమ్ముణ్ని పోగొట్టుకున్నాడో ఆ మనిషిది. లారీ మీ వంకకు వచ్చినప్పుడల్లా మీ పెద్దాయన మనిషి ఒకడు మోటారుసైకిల్ మీద ముందు పోతూ దారి చూపుతాడు. లేకపోతే మీ ఊరి పొలిమేరలో మీ మరిది లారీ ఆగగలదా? బావ ఆ లారీని చూశాడు గానీ, ముందు పోయిన మోటారుసైకిల్‌ను చూడలేదు.

నాకు తెలిసినరోజు నేనూ అడిగాను. వాళ్లకూ మనకూ నెత్తురు పగ కదా, వాళ్లతో కలిసి వ్యాపారమేమిటి అని. మీ మరిది నవ్వాడు. "పగ మనకే. వాళ్లకు యాడిదీ?" అన్నాడు. నవ్వుతూనే దగ్గు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

వెంకటేశు సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతాను. అది జరిగిన రోజు, జరిగిన ముద్దనూరులోనే మీ మరిది ఉన్నాడు. చెయ్యి వేశాడో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

నీకు చెప్పకపోతే మీవాళ్లు వస్తారు. చెప్పినట్టు తెలిస్తే మావాళ్లే వదలరు. అందుకని ఇది చదివి పొయ్యిలో వేసెయ్. బావకు నీ నోటితో చెప్పు. నువ్వు మెల్లగా మాట్లాడతావు కాబట్టి ఎవరైనా వింటారని అమ్మ అనేది.

నీ చెల్లెలు
చిన్నా

⁂

మైలవరం,
10 సెప్టెంబరు 2018, సోమవారం.

చిన్నా,

అమావాస్య వెళ్లిపోయింది. మీ బావ ఇనుము ముట్టలేదు. ఇక ముట్టడు కూడా. పిల్లలిద్దరూ ఈ పొద్దున బెంగుళూరు బస్సెక్కారు. మా ఇంటి వైపు నుంచి నీ పసుపుకుంకుమలకు భయం లేదు. ఈ మాట రాయడానికి స్వామి నన్ను బతికించినందుకు ఆయనకు వెయ్యి దండాలు.

ఆయనకు అంతా చెప్పాను. నేనే నా చేతులతో పరిచానని, ఉప్పునీళ్లు చల్లింది నేనేనని, ఉప్పు కోసం గొర్రెలు నేల నాకితే ఆ పొట్టు కడుపుల్లోకి పోయిందని చెప్పాను. ఎవరూ మందు పెట్టలేదు, పెట్టి ఉంటే అది నేనే అన్నాను. ఆయన చాలాసేపు నా చేతుల వైపు చూశాడు. అడిగి ఆ చేతులు పట్టుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. మా పెళ్లయి ముప్ఫై ఏళ్లయింది. అట్లా ఎప్పుడూ చూడలేదు.

దొడ్డి కడిగేశాం. నువ్వు చెప్పినట్టు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొట్టంతా గుంత తీసి పూడ్చాం. నిన్న మధ్యాహ్నం మా పెద్దాయన నలభై గొర్రెలు తోలించాడు. మా నష్టం విని ఇప్పించాడట. మంచివే, నెల్లూరు జాతివి. నేను సంతోషపడాలి.

మైమూన్‌తో పొంగలి ప్రసాదం పంపిస్తున్నాను. నీ ఉత్తరం గురించి నువ్వు దిగులు పెట్టుకోకు. మరిది చేత ఆ షెడ్డు మాన్పించగలవేమో చూడు. వీలైనంత తొందరగా.

అక్క

⁂

ప్రొద్దుటూరు,
27 సెప్టెంబరు 2018.

ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను. దీన్ని పోస్టులో వేయిస్తాను. ఎవరి చేతుల్లో పడినా నాకిప్పుడు ఒకటే.

పోయిన బుధవారం షెడ్డులో రెక్క ముక్కను గొలుసుతో లేపి లారీలో పెడుతుండగా మీ మరిది మీద పడింది. రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. శుక్రవారం రెండూ మోకాళ్ల పైదాకా తీసేశారు. ఇక లారీ లేదు. యాభై మూడేళ్ల మనిషిని నేనూ నా కొడుకులూ ఎత్తి కూర్చోబెడుతున్నాం. ఎత్తినప్పుడల్లా ఆయన, కాళ్లు ఉండాల్సిన చోటు మీద దుప్పటి సర్దుకుంటాడు.

గొలుసు జారిందని షెడ్డు వాళ్లు చెప్పారు. పోలీసులకు మీ మరిది కూడా జారిందనే చెప్పాడు. కొడుకులకూ అదే చెప్పాడు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు నా కొంగు పట్టుకుని దగ్గరికి లాగి చెప్పాడు.

"గొలుసు ఇప్పినోడు నా మొగం సూసే ఇప్పినాడు. నీ పెండ్లాం బాగా సదువుకున్నది గదా సంజీవయ్యా, అన్యాడు. ఏం రాసినావే నువ్వు?"

నేనేం చెప్పాలి? రాసింది చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నేను కాగితం మీద రాశానని ముగ్గురికే తెలుసు. నాకు, నీకు, మధ్యలో మోసినదానికి. నువ్వు పొయ్యిలో వేశావు. ఇంకెవరు? మైమూన్ విప్పి చదివింది. చదివి ఎక్కడ అమ్మాలో అక్కడ అమ్మింది. రెండు వైపులా తిరిగే మనిషి రెండు వైపులా తింటుంది. శనివారం ఆసుపత్రికి బ్రెడ్డూ పాలూ పట్టుకుని వచ్చింది. వాటిని వార్డులో అందరి ముందూ దాని ముఖాన కొట్టాను. అనరాని మాటలు అన్నాను. ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. కింద పడిన బ్రెడ్డు ఏరుకుని పోయింది. దొంగ కాకపోతే ఎందుకు ఊరుకుంటుంది? ఇకమీదట మా ఊళ్లో అడుగు పెట్టొద్దని కబురు పంపాను. పక్క నాలుగు ఊళ్లకూ చెప్పించాను. మీ వైపు నువ్వు చెప్పు.

ఆదివారం మా పెద్దాయన ఆపిల్ పండ్లు తెచ్చాడు. ఆయన పోయిన అరగంటకు మీ పెద్దాయన వచ్చాడు. ఆయనా ఆపిల్ పండ్లే. అందరూ లేచి నిలబడ్డారు. మా కొడుకులు పండ్ల సంచి అందుకుని దండం పెట్టారు. నేను ఆ పిల్లల చేతుల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇరవై గజాల దూరంలో మన బడి గంట వినబడుతోంది. అప్పుడు మనం ఎంత చదివామో గుర్తుందా? నాకు చదువు రాకపోయి ఉంటే ఈయనకు కాళ్లు ఉండేవి.

చిన్నసుబ్బమ్మ

⁂

మైలవరం,
8 అక్టోబరు 2018, సోమవారం.

చిన్నా,

మైమూన్ నీ ఉత్తరం విప్పలేదు. చదవలేదు. అమ్మలేదు. ఇచ్చింది నేను.

ఈ వాక్యం తర్వాత నువ్వు చదవడం ఆపేసినా సరే. ఆపకపోతే, జరిగింది దాచకుండా చెబుతాను. పోయినసారి దాచాను. నీ ఉత్తరం గురించి దిగులు పెట్టుకోవద్దని రాసినప్పుడు అది నా దగ్గర లేదు.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రమే మీ బావకు నోటితో చెప్పబోయాను. షెడ్డు సంగతి విన్నాడు, పొట్టు సంగతి విన్నాడు. సగం మా పెద్దాయనది అనగానే చెయ్యి పైకెత్తాడు. "ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు. నాకు అబద్ధం నోటికి రాలేదు. నీ ఉత్తరం తెచ్చాను. ఆయనకు చదువు రాదు కదా, నన్నే చదవమన్నాడు. చదివాను. "మళ్లా సదువు" అన్నాడు. మూడుసార్లు చదివించాడు. మోటారుసైకిల్ ముందు పోయేచోట ప్రతిసారీ కళ్లు మూసుకున్నాడు. ఆ మోటారుసైకిల్‌ను ఆయన చూశాడు, చిన్నా. చూసి, మనవాళ్లేదో పని మీద పోతున్నారనుకున్నాడు.

తర్వాత లేచి చొక్కా తొడుక్కున్నాడు. "ఇది అబద్ధమని ఆయప్ప నోటితోనే చెప్పించుకోని వస్తా. అబద్ధమైతే నీ చెల్లెలి మొగుడు మిగల్డు. కాయితం ఈ" అన్నాడు.

పొయ్యిలో వేయమని నువ్వు రాశావు. పొయ్యి మూడడుగుల దూరంలో మండుతోంది. నేను ఇచ్చాను. నిజం కాగితం మీద ఉంటే మగవాళ్లు వింటారని అనుకున్నాను. పదో తరగతి దాకా చదివి నేను నేర్చుకున్నది అదే. కనీసం నీ పేరు ఉన్న ముక్క చించేసి ఇచ్చి ఉండొచ్చు. ఆ బుద్ధి పుట్టలేదు. అమావాస్య ఒక్కటే కనబడింది నాకు. నీ మొగుణ్ని కాపాడుతున్నాననే అనుకున్నాను.

అక్కడ జరిగింది ఆయన నాకు చెప్పిన రోజు వేరు. ఆ రోజు వచ్చి ఏమీ చెప్పకుండా పడుకున్నాడు. ఆదివారం గొర్రెలు వస్తే, మా నష్టం విని పెద్దాయన ఇప్పించాడని నేను నీకు రాశాను. మొన్న నీ ఉత్తరం వచ్చాక ఆయన ముందు కూర్చుని గట్టిగా చదివాను. మరిది కాళ్ల సంగతి వినగానే ముద్ద కంచంలో వదిలేశాడు. అప్పుడు చెప్పాడు.

"ఆయప్ప కాయితం సదివినాడు. మడిసి జోబులో పెట్టుకున్యాడు. టీ తెప్పించినాడు. చెన్నకేశవా, నీ గొర్రెలు ఎన్ని పోయినాయప్పా, అన్యాడు. అవునని అనలే, కాదని అనలే. గొర్రెలెన్ని అని అడిగినాడు, అంతే."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"అరవై అయిదు అని చెప్పినా."

తమ్ముడి పేరు ఎత్తలేదట. ఎత్తాలని నాలుక దాకా వచ్చిందట. ఆ టీ తాగి, దండం పెట్టి వచ్చాడట. వెంకటేశు చచ్చిపోయిన పదకొండేళ్లకు ఆయన మొట్టమొదటిసారి ఏడ్చింది ఆ కంచం ముందర. నేను ఓదార్చలేదు. ఓదార్చడానికి నాకు హక్కు ఉందో లేదో తెలియలేదు.

మరుసటిరోజు పొద్దున ఎప్పటిలాగే మంద తోలుకుని పోయాడు. ఇప్పుడూ పోతున్నాడు. తిరిగి ఇచ్చేయమన్నాను. "ఇచ్చేస్తే మనం అడిగినట్ల అవుతాది" అన్నాడు. ఏమి అడిగినట్టో నేను అడగలేదు. నేను ఆ దొడ్డిలోకి పోవడం మానేశాను. దీపం పెడుతున్నాను గానీ ఏమీ కోరుకోవడం లేదు. స్వామి ముందు నిలబడి నా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాను.

వంకలో ఇప్పుడు కూడా పోస్తున్నారు. లారీ వేరు, మనిషి వేరు. మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆ పొట్టు దొడ్లలో పరవొద్దని చెప్పాను. ఒకామె తలుపు దగ్గరే నిలబెట్టి, నలభై గొర్రెలు వచ్చినాయి కదక్కా నీకు, మాకు పొట్టన్నా రానీయవా అంది.

ఇక మైమూన్ సంగతి. ప్రొద్దుటూరులో వాళ్ల ఇంటికి పోయి ఇచ్చింది నేనేనని చెప్పాను. చీరల మూట ఒక మూల విప్పకుండా ఉంది. రెండు వారాలుగా ఎక్కడికీ పోలేదు. వార్డులో ఎందుకు ఎదురు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వే ఇచ్చినావని తెలిసిపోయేది. ఆడ చిన్నసుబ్బమ్మ కొడుకులిద్దరూ నిలబడుకోని ఉండారు" అంది.

అంటే దానికి ముందే తెలుసు, చిన్నా. మోసినది తను విప్పలేదు కాబట్టి విప్పింది ఇటువైపే అని తెలుసు. తెలిసి నా మొగుణ్ని కాపాడింది. నీ చేత ముఖాన కొట్టించుకుని కాపాడింది.

ఈ ఉత్తరం నేనే తీసుకొస్తానంది. నువ్వు లోపలికి రానిచ్చినా రానివ్వకపోయినా గడపలో పెట్టి వస్తానంది. అందుకే ఈ కాగితం నీకు దాని చేతి మీదుగానే అందుతోంది. అరుగు మీద ఉంటే లోపలికి పిలువు. మంచినీళ్లు ఇవ్వు. తర్వాత నీ ఊళ్లో నలుగురు ఆడవాళ్లను పిలిచి, వాళ్ల ముందు దాని మూట విప్పించి ఒక్క జాకెట్టు గుడ్డ కొను. తప్పుగా అనుకున్నానని చెప్పు. మరి ఎవరని అడిగితే నా పేరు చెప్పు. మా అక్క నోరు జారింది అను. మీ బావ పేరు మాత్రం ఎత్తకు. ఆయన కోసం అడగడం లేదు. నీ కొడుకులు మా ఇంటికి వస్తే, నా కొడుకులు మీ ఇంటికి వస్తారు. కాళ్లు లేని మనిషి ఒక ఇంట్లో చాలు.

నన్ను క్షమించమని అడగను. రేపు నేను చచ్చినా మా వాళ్లు నీకు ఒక టైము పెడతారు. ఆ టైముకే రా, లేదా రావొద్దు. నీ ఇష్టం.

ఒక్కటే అడుగుతాను. ఈ కాగితాలను పొయ్యిలో వేయకు. వేస్తే మైమూన్ మీద పడిన మాట తప్పని చెప్పడానికి లోకంలో ఏమీ మిగలదు. నీ పెట్టెలో, చీరల అడుగున పెట్టి తాళం వేసి దాచు. నీ మొగుడికి చూపొద్దు, కొడుకులకు చూపొద్దు, చదువు వచ్చిన ఏ మనిషికీ చూపొద్దు. దాచు, అంతే.

తిరుపాలమ్మ